ఈల ఆగేదాకా తాళం ముట్టొద్దు

మా కార్ల రిపేరు షెడ్డులో ఒక రూలుంది. ఇంజిన్‌లో చెయ్యి పెట్టినవాళ్లు ఈలేస్తూ ఉండాలి. ఈల వినిపిస్తున్నంతసేపూ కారు తాళం జోలికి ఎవరూ పోకూడదు. ఈల ఆగిందంటే చెయ్యి బయటికొచ్చిందని అర్థం. చూపుడువేలి చివరి కణుపుని ఒక ఫ్యాన్ రెక్కకి సమర్పించుకున్నాక మా బాబాయి పెట్టిన రూలది.

ఈల రానివాళ్లకి మా దగ్గర పని దొరకదు. ఒకసారి బంగారంలాంటి వెల్డర్‌ని కూడా వెనక్కి పంపేశాం. ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు పాపం. నాకైతే మాటలకంటే ముందే ఈలొచ్చిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. అది అబద్ధం. రెండూ ఒకే రోజొచ్చాయి.

బాబాయి ఈలకి రెండే స్వరాలు. ఒకటి పొడుగ్గా సాగేది, రెండోది కిందికి జారేది. పాటేమీ కాదది. ఆయనకి పాటలు రావు. ఆ రెండు ముక్కలతోనే పొద్దున్నించి సాయంత్రం దాకా గడిపేసేవాడు. వీధి చివర ఉన్న కుక్కకి కూడా ఆ ఈల వచ్చేసి ఉంటుందని నా నమ్మకం, ఎప్పుడూ బయటపడలేదంతే.

బాబాయికి సొంతానికి ఒక పాత కారుండేది. ఆకుపచ్చది. నాకంటే వయసులో చాలా పెద్దది, అందుకే నేను దాన్నెప్పుడూ గౌరవంగానే తిట్టేదాన్ని. బానెట్ చూస్తే మంచమంత పొడుగుంటుంది, ఎత్తితే లోపల వేలు దూర్చడానికి సందుండదు. దాన్ని తయారుచేసినవాళ్లు ముందు ఇంజిన్‌ని గాల్లో వేలాడదీసి, ఆ తర్వాత దాని చుట్టూ కారు కట్టి ఉంటారు. వెనకవైపు చివరి నట్టు బిగించినవాడు బయటికి రాలేక ఇంకా లోపలే ఉండి ఉంటాడని మా అన్నయ్య జోకేసేవాడు.

బాబాయి పోయాక అన్నయ్య ఆ జోకు మానేశాడు.

బాబాయి పోయిన రోజు ఆ కారు మీదే పనిచేస్తున్నాడు. నీళ్లు తాగొస్తానని ఇంట్లోకి వెళ్లి, కుర్చీలో కూర్చుని, అలాగే ఉండిపోయాడు. గ్లాసు చేతిలోనే ఉందట. వచ్చిపోయేవాళ్ల గందరగోళంలో ఎవరో బానెట్ మూసేశారు. ఆయన లోపల ఏం చేస్తున్నాడో, ఎక్కడిదాకా చేశాడో ఎవరికీ తెలీదు.

కొన్నాళ్లకి పిన్ని, బ్యాటరీ చచ్చిపోకుండా ఉంటుందని, కారు స్టార్ట్ చేసింది. అది స్టార్టయింది. కాస్త వేడెక్కింది. ఈలేసింది.

పొడుగ్గా ఒకటి, కిందికి జారుతూ ఒకటి.

పిన్నికి మా రూలు మా అందరికంటే బాగా తెలుసు. టీ పట్టుకుని, ఈల ఆగేదాకా గుమ్మంలో నిలబడి నిలబడి జీవితం గడిపిన మనిషి. అందుకని తాళం తిప్పలేదు. ట్యాంకులో పెట్రోలయిపోయి కారు దానంతటది ఆగేవరకూ అలాగే కూర్చుంది. మర్నాడు డబ్బాతో పెట్రోలు తెప్పించింది. ఆ తర్వాత రోజూ అదే పని. రోడ్డు మీద చప్పుళ్లకి ఈల సరిగ్గా వినపడటంలేదని ఇంటి పక్కనున్న గరాజ్ తలుపులు మూసుకోవడం మొదలుపెట్టింది.

మూసిన గదిలో నడుస్తున్న కారు ఏం చేస్తుందో మా ఇంట్లో పిల్లిక్కూడా తెలుసు. అన్నయ్య వెళ్లేసరికి పిన్ని ముందు సీట్లో ఒరిగిపోయి ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయట, మాట ముద్దగా వస్తోందట. ఇంకాస్త ఆలస్యమైతే మేం తనని చూసేది మరోలా ఉండేదని డాక్టరు చెప్పాడు. పిన్ని తలుపులు తెరిచి పెట్టుకుంటానని ఒట్టేసింది. అన్నయ్య నమ్మకుండా బ్యాటరీ ఊడబెరికి తెచ్చేశాడు. వారం తిరక్కుండా ఇంకో బ్యాటరీ వచ్చింది. తలుపులు మళ్లీ మూసుకున్నాయి.

ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య నా ముందు స్పానర్ల డబ్బా పెట్టాడు.

"నువ్వెళ్లి ఆ ఈల ఆపు" అన్నాడు. "వెనకాల, ఇంజిన్‌కి గాలి పంచే మానిఫోల్డ్ దగ్గర ఎక్కడో నట్టు వదులయింది. ఆ సందులోంచి గాలి పీలుస్తోంది. అంతే అది. ఇంకేం లేదు."

"ఇంకేం లేకపోతే నువ్వే వెళ్లొచ్చుగా?"

"నన్ను బానెట్ ముట్టుకోనివ్వట్లేదే పిన్ని. నువ్వయితే ఏదో వేషం వెయ్యడానికొచ్చావనుకుని పట్టించుకోదు."

"అంటే నా మాట ఎవరూ నమ్మరు కాబట్టి నన్ను పంపుతున్నావా?"

"అవును" అన్నాడు. మా అన్నయ్య దాపరికం లేని మనిషి.

నేను వెళ్లేసరికి గరాజ్ తలుపులు మూసున్నాయి. తలుపు మీద చెయ్యి వేశానో లేదో, లోపల్నించి ఈల.

ఇంజిన్ సందులోంచి గాలి ఎలా దూరుతుందో, ఇంజిన్ వేగం తగ్గుతూ పెరుగుతూ ఉంటే ఆ చప్పుడు రెండు స్వరాలుగా ఎందుకు విడిపోతుందో నేను బల్ల మీద బొమ్మ గీసి చూపించగలను. అయినా నా చెయ్యి తలుపు మీంచి వెనక్కొచ్చేసింది. చిన్నప్పట్నించీ ఆ ఈల వింటే వెనక్కి తగ్గడం అలవాటు దానికి. దాన్ని బుజ్జగించి మళ్లీ తలుపు దగ్గరికి తీసుకెళ్లాల్సొచ్చింది.

తలుపులు రెండూ బార్లా తెరిచాను. నీలంగా పొగ బయటికొచ్చింది. పిన్ని డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, ఎవరో చెప్పేది వింటున్నట్టు తల కొంచెం వంచి ఉంది.

"తలుపెయ్యవే" అంది నన్ను చూడకుండానే.

"గాలి రానీ పిన్నీ. కారు ఆపు."

"ఆయన చెయ్యి లోపలుంది. ఎలా ఆపమంటావ్?"

కేకలేసి అన్నా, ఏడుస్తూ అన్నా నేనేదో ఒకటి చేసేదాన్ని. అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా అంది. నేను బానెట్ ఎత్తి, పెట్రోలు వచ్చే రబ్బరు గొట్టాన్ని ఒక క్లిప్పుతో గట్టిగా నొక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. తాళం ముట్టుకోలేదు. రూలు రూలే. కాసేపటికి ఇంజిన్ దగ్గింది, వణికింది, ఆగింది.

"ఏం చేశావే గడుగ్గాయీ?"

"పెట్రోలయిపోయినట్టుంది."

"ఇందాకే పోశాను."

"ముసలిది కదా పిన్నీ, తాగుడెక్కువ."

పిన్ని కారు దిగింది. నడక తూలుతోంది. బండి మీద చెయ్యి ఆనించి నిలబడి, నా చేతిలో టార్చి వైపు చూసింది.

"ఆ ఈల తీసెయ్యడానికొచ్చావ్" అంది.

ఇంక దాచి లాభం లేదు. "వెనకాల ఒక నట్టు వదులయింది పిన్నీ. అది బిగిస్తే ఈల పోతుంది. బిగించకపోతే ఇంజిన్ లోపల వాల్వులు కాలిపోతాయి. అంతకంటే ముందు నువ్వు పోతావ్. రెండో సారి డాక్టరు దాకా కూడా వెళ్లవు."

"ఈల పోతే ఆయనెక్కడుంటారు?"

నా దగ్గర ప్రతిదానికీ ఒక సమాధానం ఉంటుంది. అందులో సగం అబద్ధాలే, కానీ ఉంటాయి. టార్చి ఆర్పి మళ్లీ వెలిగించాను, అది పనిచేస్తోందో లేదో చూసుకుంటున్నట్టు.

"ఊరికే చూస్తాను" అన్నాను చివరికి. "ఏమీ చెయ్యను. నువ్వు చెయ్యమంటేనే చేస్తాను."

పిన్ని నా మొహంలో ఏదో వెతికింది. "చూడు మరి" అంది.

చూడటానికక్కడ ఏమీ కనపడదు. ఆ నట్టుని దాన్ని పెట్టినవాడు కూడా చూసుండడు. ఇంజిన్ కాస్త చల్లారాక, ముందు చక్రం పైనున్న రేకు మీద గోనెపట్టా పరిచి, దాని మీద బోర్లా పడుకున్నాను. ఎడమ చెయ్యి కార్బురేటర్ పక్కనించి పోనిచ్చి, హీటరు గొట్టం కిందికి దించి, మణికట్టు దగ్గర తిప్పి, మళ్లీ పైకి లేపాలి. మోచెయ్యి ఒక చోట ఒద్దంటుంది, దాన్ని ఒప్పించాలి. ఇంతా చేస్తే చెంప వెళ్లి ఇంజిన్ మీద ఆనుతుంది. కళ్లకి పనుండదు. ఒక తుప్పు మరకని చూస్తూ ఉంటాయి.

ఈలేస్తూనే ఉన్నాను, నా సొంత ఈల. ఒక్కో నట్టునీ వేలితో పలకరిస్తూ వెనక్కి వెళ్లాను. అన్నీ గట్టిగా ఉన్నాయి. చివరిది, ఇంజిన్‌కీ వెనక రేకుకీ మధ్య చీకట్లో ఉండేది, వేలికి తగిలింది. కదిలింది. నూనె సీసా మూతలా అటూ ఇటూ ఊగింది.

దాని మీద ఏదో ఉంది.

తడిమాను. ఇనుము. పొట్టిగా కోసి, కాల్చి, మెడ దగ్గర వంచిన స్పానరు. పట్టుకునే చోట సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి ఉంది. ఆ చుట్టు చివర ముడి కూడా నాకు తెలుసు. బాబాయి ఈ ఒక్క నట్టు కోసం చేసుకున్న స్పానరది. ఆయన పోయాక మేం దానికోసం షెడ్డూ గరాజూ అంతా తిరగేశాం. ఎవరో పట్టుకుపోయారని పాపం ఇద్దరు ముగ్గుర్ని అనుమానించాం కూడా.

నట్టుకి తగిలించి ఉంది. సగం తిప్పి, నీళ్లు తాగడానికి లేచినట్టు.

స్పానరు వెచ్చగా ఉంది. ఇంజిన్ వేడి, అది నాకు తెలుసు. కానీ చుట్టూ ఉన్న ఇనుమంతా చల్లారిపోయింది. ఇనుప భాగం కూడా చల్లగానే ఉంది. రబ్బరు చుట్టిన చోట, చెయ్యి పట్టుకునే చోట మాత్రమే వెచ్చగా ఉంది.

నా ఈల ఎప్పుడాగిపోయిందో నాకు తెలీదు. చెయ్యి బయటికి లాగేటప్పుడు మోచేతి దగ్గర కాస్త తోలు కారుకే వదిలేశాను.

"ఏమైందే?" అంది పిన్ని.

చెప్పాను. వెచ్చగా ఉన్న సంగతి వదిలేసి మిగతాదంతా. పిన్ని విని, వెళ్లి గోడకున్న మేకు వైపు చూసింది. ఆ స్పానరు ఉండాల్సిన చోటది. ఇంకా ఖాళీగానే ఉంది.

"నువ్వు బిగించావా?"

"లేదు. ముట్టుకున్నానంతే."

"దాన్ని నేను తీస్తాను."

"నీకందదు పిన్నీ, అది..."

"నా చెయ్యి నీకంటే సన్నం. గాజులు తీసొస్తాను." ఇంట్లోకి వెళ్లిపోయింది.

నేనొక్కదాన్నే మిగిలాను. బయట ఎండగా ఉంది. ఎవరో మోటారు సైకిలు మీద వెళ్లారు. ఒక పిట్ట కూడా కూసింది. ఇవన్నీ చెప్పడం ఎందుకంటే, దయ్యాలకి కావలసిన ఏర్పాట్లేవీ అక్కడ లేవు. కారు ఆగి ఉంది. తాళం తీసి నా జేబులో వేసుకున్నాను. పెట్రోలు గొట్టానికి క్లిప్పు అలాగే ఉంది.

ఈల వినిపించింది.

మెల్లగా. పనిలో మునిగిపోయినవాడు, తను ఈలేస్తున్నానన్న ధ్యాస కూడా లేనివాడు వేసే ఈల. పొడుగ్గా ఒకటి. కిందికి జారుతూ ఒకటి. బానెట్ కింద్నించే.

నేను భయపడలేదు. నా కాళ్లు మాత్రం గరాజ్ గుమ్మం దాకా వెళ్లిపోయి అక్కడ నాకోసం ఎదురుచూశాయి. నేనూ వెళ్లి వాటితో నిలబడ్డాను. జేబులో తాళాన్ని, ఎందుకో, పళ్లు చేతిలో దిగబడేంత గట్టిగా పట్టుకున్నాను. ఈల మధ్యలో ఒకసారి బిగబట్టినట్టు ఆగింది, బరువేదో తిప్పేటప్పుడు మనిషి ఊపిరి ఆపుకుంటాడు చూడండి, అలా. మళ్లీ ఒక ముక్క వచ్చింది. తర్వాత లేదు.

పిన్ని వచ్చింది. చేతులు బోసిగా ఉన్నాయి, జాకెట్ చేతులు పైకి మడిచింది.

"గుమ్మంలో నిలబడ్డావేం?"

"ఉక్కగా ఉంటేనూ."

"ఈలేసింది నువ్వేనా?"

"కాదు."

"నాకు వంటింట్లోకి వినపడింది."

"నేను కాదు పిన్నీ."

పిన్ని కళ్లు చిట్లించి చూసింది. "నీ మొహం చూస్తే నిజం చెప్తున్నట్టే ఉంది. అదే అనుమానంగా ఉంది నాకు."

గోనెపట్టా మీద వంగింది. నేను దారి చెప్పాను, కార్బురేటర్ పక్కనించి, గొట్టం కిందికి, ఇప్పుడు చెయ్యి తిప్పు, ఇప్పుడు పైకి. తన చెయ్యి నీళ్లలోకి దిగినట్టు దిగిపోయింది. మోచెయ్యి గొడవే చెయ్యలేదు.

"ఈలెయ్యాలి పిన్నీ."

"నాకు రాదుగా."

"పోనీ మాట్లాడుతూ ఉండు. నోరాగితే నేను తాళం తిప్పేస్తా" అన్నాను, నవ్వుతుందేమోనని. తాళం నా పిడికిట్లోనే ఉంది.

పిన్ని మాట్లాడటం మొదలుపెట్టింది. నాతో కాదు. చెంప ఇంజిన్ మీద ఆనించి, గొంతు తగ్గించి, పక్క మీద పడుకున్న మనిషితో చెప్తున్నట్టు. బావి మోటారు బాగుచేయించానంది. బీరువా తలుపు పడటం లేదంది, మీరుండగానే చిత్రిక పట్టమని చెప్పాను కదా అంది. కళ్లద్దాలు మార్చమన్నారట, మార్చుకోలేదట, ఈ అద్దాల్లో చూడటమే అలవాటయిందట. నేను వినకూడదని తారు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. అయినా వినపడుతూనే ఉంది. మధ్యమధ్యలో ఆగేది. ఆగినంతసేపూ ఆ నిశ్శబ్దం ఊరికే ఉన్నట్టు లేదు, అవతలివాళ్ల వంతు వచ్చినట్టుంది.

"దొరికింది" అంది. చాలాసేపు ఇంకేమీ అనలేదు.

"పిన్నీ. మాట్లాడు."

"వెచ్చగా ఉందే ఇది."

నేను తాళాన్ని ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"కుడివైపుకి తిప్పు" అన్నాను. "మెల్లగా."

"తిరగట్లేదు."

"అటు కాదేమో, నీ కుడివైపుకి..."

"రెండు వైపులా చూశాను. బిగిసిపోయి ఉంది."

"ఇందాక నా వేలికే ఊగింది."

"ఇప్పుడు ఊగట్లేదు" అంది పిన్ని. స్పానరు ఊడదీసిన చప్పుడు టక్కున వినపడింది. చెయ్యి బయటికి తీసింది. మోచేతి దాకా నల్లగా ఉంది. ఆ స్పానరుని కొంగుతో తుడిచి, రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది.

క్లిప్పు తీసేశాను. లోపల కూర్చుని తాళం పెట్టాను. పిన్ని వచ్చి పక్క సీట్లో కూర్చుంది, ఒళ్లో స్పానరుతో. స్టార్ట్ చేశాను.

ఇంజిన్ అందుకుంది. వణుకు లేదు. ఎగుడుదిగుడు లేదు. వేడెక్కేదాకా ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. ముసలి ఇంజిన్ అంత నెమ్మదిగా నడవడం నేనెప్పుడూ వినలేదు. అద్దం మీద దోమ నడిస్తే వినపడేలా ఉంది. మేం వింటున్నది మాత్రం వినపడలేదు.

"బిగించింది నువ్వేనా?" అంది పిన్ని, ఎదురుగా చూస్తూ.

అవునంటే అది ఒక నట్టు. కాదంటే ఏమిటో నాకే తెలీదు. అవునన్న మాట నోటిదాకా వచ్చింది కూడా. అబద్ధాలు నాకు పెద్ద కష్టం కాదు.

"నేను కాదు" అన్నాను.

"సరే."

"నిజంగా పిన్నీ."

"సరేనన్నానుగా." పిన్ని చెయ్యి చాపింది. నల్లటి వేళ్లు తాళం మీద కాసేపు ఆగాయి. "పనయిపోయుంటుంది ఆయనకి" అని, తిప్పేసింది.

ఇంజిన్ ఆగిపోయింది. పిన్ని దిగి, రెండు తలుపులకీ కింద ఇటుకలు అడ్డం పెట్టింది, మూసుకోకుండా. ఆకలేస్తోందంది. నన్నూ రమ్మంది. చేతులు కడుక్కోవడానికి ఇంట్లోకి వెళ్తూ, మేకు దగ్గర ఆగి స్పానరు తగిలించింది.

అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఆగిందా?"

"ఆగింది."

"పిన్ని?"

"అన్నం తింటోంది."

అవతల పెద్ద ఊపిరి వినపడింది. "వదులయింది చివరి నట్టేనా? ఎలా బిగించావే, నీ చేతికి అంత పట్టు రాదుగా?"

"నేను బిగించలేదు."

"చాలులే. పక్కన పిన్ని లేదుగా, చెప్పు."

"నేను కాదన్నయ్యా."

"బ్రహ్మాండంగా చేశావే" అన్నాడు. మా అన్నయ్య నన్ను మెచ్చుకోవడం పుట్టాక అదే మొదలు. "ఇప్పటిదాకా వేసిన వేషాలన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు. బానెట్ మూసేసి రా."

ఫోన్ పెట్టేశాను. పని పూర్తయిందని ఎవరో చెప్తే నమ్మి వచ్చేయడం మా షెడ్డులో ఉండదు. చెయ్యి పెట్టి చూడాలి. గోనెపట్టా మీద పడుకుని, అదే దారిన, నట్టు దాకా వెళ్లాను. రాయిలా ఉంది. ఇద్దరు మగాళ్లు బలం పెడితే తప్ప రాని బిగింపు. వేలితో దాని చుట్టూ తడిమాను. అక్కడిప్పుడు ఏమీ లేదు. వెచ్చదనం కూడా లేదు.

చెయ్యి తీసేసి, బానెట్ ఊతకర్ర పక్కకి తప్పించి, బానెట్‌ని రెండు చేతుల మీద పట్టుకున్నాను. దించబోయి ఆగాను.

"బాబాయ్" అన్నాను లోపలికి వంగి, "మూసేస్తున్నా. చెయ్యి తీశావా?"

ఒక మనిషి మోచెయ్యి ఒప్పించుకుని బయటికి లాక్కోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు, చేతులు నొప్పి పుట్టేదాకా, అలాగే పట్టుకుని నిలబడ్డాను. తర్వాత చప్పుడు కాకుండా దించాను.